సింహం పేరు మద్దతు ధర

ప్రభుత్వానికి పత్తి అమ్మాలంటే ఇక ఫోన్లో స్లాట్ బుక్ చేసుకోవాల్సిందేనట. 'కపాస్ కిసాన్' యాప్. వారం నుంచీ మా ఊళ్లో ఇదే గోల. నాకైతే భలే సంతోషమేసింది. స్లాట్ తీసుకుని వెళ్లేది కెన్యాలో మాసై మారాకే అనుకున్నాను ఇన్నాళ్లూ. గుంటూరు, ప్రకాశం రైతుకీ సఫారీ యోగం పట్టింది.

చూడబోయే జంతువు మద్దతు ధర. పొడుగు పింజ జాతి. 2025-26 సీజనుకు క్వింటా 8,110 రూపాయలు. పేపర్లో ఫొటో అందరూ చూశారు. కళ్లారా చూసిందెవరయ్యా అంటే పక్క ఊరు చూపిస్తారు. అక్కడికి వెళితే వాళ్లు ఆ పక్క ఊరు చూపిస్తారు.

మాసై మారాలో జూలై నుంచి డిసెంబరు దాకా విదేశీయుడికి రోజుకు 200 డాలర్ల టికెట్టు. మనకు ప్రవేశం ఉచితం. ట్రాక్టరు బాడుగ, హమాలీ కూలి, పత్తి కొనే మిల్లు ముందు రెండు రాత్రుళ్ల దోమలు, అంతే. బైనాక్యులర్స్ బదులు తేమ మీటరు. అది 8 చూపిస్తే సింహం నిండుగా కనిపిస్తుంది. ఆపైన ఒక్కో శాతానికీ తోక కాస్త కత్తిరిస్తారు. 12 దాటిందా, బండి తిప్పుకో.

మా బావ పోయిన వారం వెళ్లాడు. మొంథా తుపానుకు తడిసిన పత్తిని వాకిట్లో పట్టా పరిచి నాలుగు రోజులు ఆరబోశారు. ఎండ ఎటు జరిగితే అటు మా అక్క పట్టా లాగింది. మిల్లు దగ్గర కుర్రాడు మీటరు గుచ్చాడు. 14.

"ఇంటికాడ బాగా ఎండిందబ్బాయ్, గలగలలాడింది."

"రాత్రి మంచు పట్టుంటది బాబాయ్. నెక్స్ట్."

గేటు బయట గైడు కాచుకుని ఉన్నాడు. గైడు లేని సఫారీ ఉంటుందా? "సింహమెందుకు బాబాయ్, నా దగ్గర పిల్లి ఉంది. స్లాటొద్దు, మీటరొద్దు" అన్నాడు. బావ ఆరు వేలకు పిల్లిని చూసి ఇంటికొచ్చాడు. ఆ పత్తే మర్నాడు ఎవరి పేరు మీదో లోపలికెళ్లి సింహాన్ని చూసొచ్చిందని ఊళ్లో చెప్పుకుంటున్నారు.

సఫారీ అన్నాక వలస కూడా చూపించాలిగా. అక్కడ లక్షల విల్డబీస్టులు మారా నది దాటుతాయి, నీళ్లలో మొసళ్లు కాచుకుని ఉంటాయి. ఇక్కడ విదేశీ పత్తి బేళ్లు సముద్రం దాటుతాయి. వాటికి అడ్డున్నది ఒకే ఒక్క మొసలి, 11 శాతం దిగుమతి సుంకం. దానికి 2025 ఆగస్టు 19న సెలవిచ్చారు. ముందు సెప్టెంబరు నెలాఖరు దాకా అన్నారు. తరవాత డిసెంబరు 31 దాకా పొడిగించారు.

అక్టోబరు నుంచి మాకు తీతలని ఢిల్లీకి తెలియదా? పంట ఇంటికొచ్చే నెలల్లోనే తలుపులు తెరిచి, ఆ రైతునే తేమ ఎక్కువని గేటు దగ్గర నిలబెడతారా? పైగా యాప్ లెక్కలో మా బావ అసలు రైతే కాదు. కౌలుకు చేస్తున్నాడు. కౌలు ముందే కట్టాడు, విత్తనం నుంచి పురుగుమందు దాకా అప్పు తెచ్చాడు, మందు కొట్టీ కొట్టీ చేతులు పొక్కిపోయాయి. కాగితాల్లో రైతు హైదరాబాదులో ఉండే ఆసామి. ఆయన పత్తి చేలో కాలు పెట్టి పదిహేనేళ్లయింది.

రెండో తీత పత్తి ఇంట్లో ఉంది. స్లాటుకు ఓటీపీ ఆసామి ఫోనుకు వెళుతుంది. నిన్న పొద్దుటి నుంచీ బావ చేస్తూనే ఉన్నాడు. ఆయన ఎత్తడం లేదు.