బలం కావాలా? ముందు బలాన్ని మరిచిపోండి

భౌతికశాస్త్రం చదివే ఇంటర్ పిల్లలకు నేను చెప్పే సలహాలు తలకిందులుగా ఉంటాయంటారు. ఉండనివ్వండి. చలనం తెలిసిన వస్తువు మీద బలం ఎంతో కనుక్కోవడానికి ఇంతకంటే దగ్గరి దారి లేదు.

లెక్క చదవగానే బలాల బాణాలు గీయొద్దు. గీస్తే లేని బలం ఒకటి వచ్చి చేరుతుంది. పైకి విసిరిన బంతికి, చెయ్యి వదిలాక కూడా, పైకి బాణం పెట్టేవాళ్లు ఎందరో! వేగం ఎటు మారుతోందో అదొక్కటే చూడండి. ఎక్కేటప్పుడూ, దిగేటప్పుడూ, పైన క్షణం నిలిచినప్పుడూ త్వరణం 9.8 మీ./సె², కిందికే. గాలిని వదిలేస్తే బలమూ అంతే, మొదటి నుంచి చివరిదాకా కిందికే.

ద్రవ్యరాశిని ఆఖరుదాకా ముట్టుకోవద్దు. త్వరణం తేలాక గుణిస్తే చాలు.

అన్నిటికంటే ముఖ్యం, కారణం అడగొద్దు. చంద్రుణ్ణే చూడండి. దూరం 3,84,000 కిలోమీటర్లు, అంటే భూమి వ్యాసార్ధానికి సుమారు 60 రెట్లు. 27.3 రోజులకు ఒక చుట్టు కాబట్టి వడి సెకనుకు 1.02 కిలోమీటర్లు. వడి వర్గాన్ని దూరంతో భాగిస్తే త్వరణం 0.0027 మీ./సె². ఇప్పుడు నేలమీది 9.8ని 60 వర్గంతో, అంటే 3600తో భాగించండి. మళ్లీ 0.0027! చెట్టు మీది కాయను లాగే బలమే దూరపు వర్గానికి విలోమంగా తగ్గుతూ చంద్రుడి దాకా చేరిందన్నమాట. భౌతికశాస్త్రంలో ఇంతకంటే అందమైన భాగహారం నాకు తెలియదు. 1687లో ప్రిన్సిపియాలో న్యూటన్ ఈ పోలిక చూపించినప్పుడు ఆ ఆకర్షణకు కారణం ఆయనకు తెలియదు. 1713 నాటి రెండో ముద్రణలో ఆ సంగతి దాచకుండా రాశాడు కూడా. కారణం దొరికేదాకా ఆగి ఉంటే ఆ పుస్తకమే వచ్చేది కాదు.

అలాగని ఒక్క కక్ష్యను చూసి సూత్రం రాసేయొద్దు. ఒకే వడితో వృత్తంలో తిరిగే వస్తువు ఆ ఒక్క దూరంలో బలమెంతో చెబుతుంది. దూరంతోపాటు అది ఎలా మారుతుందో చెప్పదు. అందుకు వేర్వేరు దూరాల్లో తిరిగేవి కావాలి. కెప్లర్ 1619లో ప్రకటించిన మూడో నియమానికి అంత విలువ అందుకే. గ్రహాల ఆవర్తన కాలపు వర్గం దూరపు ఘనానికి అనులోమంగా ఉందంటే, బలం విలోమ వర్గ నియమాన్ని పాటించి తీరాలి.

వచ్చిన జవాబుకు పేరు పెట్టొద్దు. చలనం చూపించేది మొత్తం బలాన్నే. బల్ల మీద పుస్తకం కదలడం లేదంటే మొత్తం సున్నా; అందులో బరువెంతో, బల్ల పైకి తోసేదెంతో చలనం ఒక్కటే విడదీసి చెప్పలేదు.

చంద్రుడి లెక్క మాత్రం నా మాట మీద నమ్మకండి. ఈ రాత్రే కాగితం తీసుకుని మీరే చేయండి.