కోట కింద కాపురం

ఇల్లు కట్టే ముందు వాస్తు చూపించుకుంటారు. బోరు పాయింటు చూపించుకుంటారు. స్థలానికి కోట ఎంత దూరంలో ఉందో మాత్రం ఎవరూ చూపించుకోరు. మా నాయనా చూపించుకోలేదు. ఆ పాపానికి ఆదోని కోట కింద కాపురముంటూ నేను అనుభవిస్తున్నదాన్ని ఎవరికి విన్నవించుకోవాలో తెలియక ఇలా రాస్తున్నాను.

కోట మీదికి ఎవరొచ్చినా నష్టం కింద ఉన్నవాళ్లకే. 1568లో ఆలీ ఆదిల్‌షా సైన్యం వచ్చి విజయనగరం వాళ్ల చేతుల్లోంచి దీన్ని లాక్కుంది. 1688లో ఔరంగజేబు సేనాని ఫిరోజ్ జంగ్ వచ్చాడు. లోపలున్న సిద్ది మసూద్‌ఖాన్ ఎంతకూ లొంగకపోతే, ఆయన ప్రాణంగా చూసుకునే జామియా మసీదు వైపు ఫిరంగులు తిప్పాడని, అది చూడలేక పెద్దాయన తలుపులు తీయించాడని ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. 1786లో టిప్పు సుల్తాను వంతు. నిజాం దండూ మరాఠా దండూ కలిసొచ్చి లోపలున్న జనానాను భద్రంగా తీసుకుపోయాయి గానీ, కోటను మాత్రం టిప్పుకు వదిలేశాయి. ఆయన గోడలు పడగొట్టించి మరీ వెళ్లాడు. 1800లో నిజాం దత్తమండలాలతో పాటు ఆదోనిని కూడా ఇంగ్లీషువాళ్లకు రాసిచ్చేశాక ముట్టడులు ఆగిపోయాయని పుస్తకాల్లో ఉంటుంది. ఆ పుస్తకాలు రాసినవాళ్లకు స్కూలు బస్సుల సంగతి తెలియదు.

మా మేనల్లుడు ఎమ్మిగనూరులో ఒక స్కూల్లో సోషల్ అయ్యవారు. ఏటా సంక్రాంతి దాటాక, ఎండలు ముదరకముందే, పిల్లల్ని చారిత్రక యాత్రకు తీసుకుపోవాలి. డబ్బులు బాగా వసూలైన ఏడాది హంపి. కాని ఏడాది ఆదోని. ఈ మధ్య వసూళ్లు అంత బాగా ఉండడం లేదు.

"మామా, పిల్లల్ని కోటకు తీసుకొస్తాండాం. ఊరికే చెప్తాండా."

ఊరికే చెప్పే మాట కాదది. టిఫిను స్కూలుదేనని తల్లిదండ్రులకు వీడు అప్పటికే మాటిచ్చి ఉంటాడు. స్కూలుదంటే వాళ్ల అత్తది. అత్త అంటే మా ఆవిడ. ఆమె తెల్లవారుజామునే లేచి బొరుగులు బకెట్లో పోసి నీళ్లు కొడుతుంది. అవి మెత్తబడి ముద్ద కాకముందే పిడికిళ్లతో పిండి గంపలోకి వెయ్యాలి. ఆ పిండే ఉద్యోగం నాది. ఉల్లిగడ్డలు, పచ్చిమిరపకాయలు, పసుపు తిరగమోతలో పడి, పైన పుట్నాలపప్పు పొడి పడేసరికి ఉగ్గాని వాసన వీధి చివరిదాకా పోతుంది. పక్కన మిరపకాయ బజ్జీలు లేకపోతే ఉగ్గాని పెట్టినట్టే కాదని మా వైపు శాసనం. కాబట్టి రెండో పొయ్యి కూడా వెలుగుతుంది. ఫిరోజ్ జంగ్ ఎంత దుర్మార్గుడైనా బజ్జీలు అడిగినట్టు ఎక్కడా రాయలేదు.

తిన్నాక ఎక్కుతారు. ఎక్కేది రాతిగుండ్ల మధ్య నుంచి కాబట్టి సీసాల్లో నీళ్లు మా తొట్టిలోవి. మా వీధికి కుళాయి నీళ్లు రోజు విడిచి రోజు వస్తే పండగ. దిగేది మిట్టమధ్యాహ్నం. దిగగానే చేతులెత్తి చిటికెనవేలు చూపిస్తూ గేటు దగ్గర వరస కడతారు. ఈ కొండ మీద ఎన్ని వంశాలు ఏలాయో వరసగా అప్పజెప్పే పండితులున్నారు, ఆ వంశాలన్నీ కలిసి ఒక్క మరుగుదొడ్డి కట్టించాయా అని అడిగినవాళ్లు లేరు. ఉన్నదల్లా మా ఇంట్లోదే.

పోనీ చదువు కోసం కదా అని ఓర్చుకుందామా? "తాతా, ఇక్కడ ఏ సినిమా తీసినారు?" ఇదీ వాళ్ల చరిత్ర జిజ్ఞాస. ఈసారి ఒక్క పిల్ల మాత్రం బజ్జీ నములుతూ మా అరుగు వైపు తదేకంగా చూసి, "టిప్పు పడగొట్టిన రాళ్లతోనే మీ ఇల్లు కట్టినారా తాతా?" అంది. మా నాయన పునాదికి రాళ్లు యాడనుంచి తోలించాడో నేనెప్పుడూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. ఆ పిల్ల పెద్దయితే చాలా పైకొస్తుంది. మళ్లీ మా ఇంటికి రాకుండా చూసుకోవాలి.

మా తమ్ముని కూతురు ఫ్రాన్సులో చదువుతోంది. మొన్న సెలవుల్లో అక్కడి స్టూడెంట్లంతా కలిసి బస్సు మాట్లాడుకుని లువార్ నది లోయలో కోటలు చూసొచ్చారట. వీడియో కాల్లో గంటసేపు చెప్పింది. షాంబోర్ కోటను ఫ్రాన్స్వా మహారాజు 1519లో మొదలుపెట్టించాడట. నాలుగొందల పైచిలుకు గదులు. కట్టించినాయన అందులో ఉన్నది జీవితం మొత్తం మీద కొన్ని వారాలే. నడిమధ్యన ఒక మెట్ల గోపురముంది, అందులో రెండు మెట్ల వరసలు ఒకదాన్నొకటి చుట్టుకుని పైకి పోతాయి. ఎక్కేవాళ్లకు దిగేవాళ్లు ఎదురుపడరు. ఆ ఏర్పాటు రాజుగారికి ఎందుకో గానీ మా దొడ్లోకి అర్జంటుగా కావాలి.

"అదంతా సరేమ్మా, అక్కడ దొడ్డికి యాడికి పోతారు?" అన్నాను.

"బోర్డు ఉంటుంది పెదనాయనా."

"కోట కింద ఇళ్లవాళ్ల తలుపు కొట్టరా?"

"కొడితే పోలీసులొస్తారు పెదనాయనా."

ఫ్రెంచివాళ్లు మాకేం కొత్తవాళ్లు కాదు. నిజాం అలీ తమ్ముడు బసాలత్ జంగ్ ఆదోని జాగీరు ఏలినప్పుడు ఫ్రెంచి పటాలాన్ని జీతమిచ్చి కొలువులో పెట్టుకున్నాడు. దాని మీదే ఇంగ్లీషువాళ్లతో పెద్ద తగువు నడిచింది. అన్నాళ్లు ఇక్కడి తిండి తిని, పోతూ పోతూ ఒక్క బోర్డయినా పాతిపోయారా? 1953లో మమ్మల్ని బళ్లారి జిల్లా నుంచి తీసి ఆంధ్ర రాష్ట్రంలో కలిపినప్పుడు కూడా కాగితాల్లో కోటతో పాటు మరుగుదొడ్డి ప్రస్తావన లేదు.

మేనల్లుడు వట్టి చేతులతో వస్తాడని అనను. వచ్చినప్పుడల్లా ఎమ్మిగనూరు టవలు ఒకటి తెస్తాడు. 1938లో మాచాని సోమప్పగారు నేతగాళ్ల ఆకలి చూడలేక అక్కడ చేనేత సంఘం పెట్టారు, పద్మశ్రీ కూడా అందుకున్నారు. అంత పుణ్యపు నూలును మా వాడు బజ్జీల బాకీకి జమ కడుతున్నాడు. బీరువాలో చోటు చాలక టవళ్లు ట్రంకుపెట్టెలోకి చేరాయి. ఇన్ని టవళ్లున్నా, బస్సు వెళ్లిన రోజు తొట్టిలో స్నానానికి నీళ్లుండవు.

ఇక ఈ ఆటలు సాగవని ఈసారి గట్టిగానే చెప్పాను. ఉగ్గాని లేదు, బజ్జీ లేదు, తొట్టికి మూత వేసి తాళం వేస్తానన్నాను. వాడు కిమ్మనలేదు. చిన్నబోయాడనుకుని మా ఆవిడ నా మీద అలిగింది కూడా. మొన్న ఆదివారం ఫోనొచ్చింది. వాడికి జూనియర్ కాలేజీకి మార్పయిందట, శుభవార్త చెప్పడానికి చేశాడట. క్షేమసమాచారాలన్నీ అయ్యాక, పెట్టేయబోతూ అడిగాడు:

"మామా, మేడ మీద ఇంకో బాత్రూం కట్టిస్తామంటిరి గదా, స్లాబు పడిందా?"