పన్నీరు బుడ్డి యువత

పెళ్ళిపందిరి గుమ్మంలో పట్టుపరికిణీ కట్టుకున్న ఓ పిల్ల వచ్చినవాళ్ళ మీద పన్నీరు చల్లుతూ ఉంటుంది. అందరూ బుగ్గ గిల్లి ముద్దు చేసేవాళ్ళే. కట్నకానుకల లెక్క తేలే గదిలోకి మాత్రం ఆ పిల్లను రానివ్వరు. వాతావరణ సదస్సుల్లో యువతకు ఇస్తున్న ఉద్యోగం ఇదే. కాకపోతే మెడలో ఓ బ్యాడ్జీ, పేరు ముందు 'యువ ప్రతినిధి' అన్న బిరుదు అదనం.

1992లో రియో సదస్సులో కెనడాకు చెందిన 12 ఏళ్ళ సెవెర్న్ సుజుకి మాట్లాడితే వివిధ దేశాల ప్రతినిధులు చెవులప్పగించి విన్నారు. 2021లో మిలాన్‌లో దాదాపు 400 మంది యువతీయువకులను పోగేసి మళ్ళీ విన్నారు. పాపం, వినడంలో పెద్దలు ఎన్నడూ లోటు చేయలేదు.

2023 దుబాయి సదస్సు ఈ కళను శిఖరానికి చేర్చింది. యువత గొంతు వినిపించడానికి ప్రత్యేకంగా ఒక 'యువ వాతావరణ చాంపియన్'ను నియమించారు. ఎవరయ్యా ఆవిడ అంటే, ఆతిథ్య ప్రభుత్వంలోనే మంత్రి. సదస్సు అధ్యక్షుడేమో ఆ దేశపు చమురు కంపెనీకి అధిపతి. అన్నీ ఇంట్లోనే దొరుకుతుంటే బయట వెతుక్కోవడం దేనికి?

అక్కడే డిసెంబరు 11న మణిపూర్‌కు చెందిన 12 ఏళ్ళ లిసిప్రియ కంగుజం, బొగ్గు, చమురు వాడకం ఆపండని రాసిన అట్ట రెండు చేతులా ఎత్తిపట్టుకుని వేదిక మీదికి పరుగెత్తింది. సదస్సు డైరెక్టర్ జనరల్ మజిద్ అల్ సువైదీ కోప్పడలేదు. ఆ పిల్ల ఉత్సాహాన్ని మెచ్చుకుని, చప్పట్లు కొట్టమని సభను కోరారు. సభ కొట్టింది. ఆ చప్పట్ల మధ్యే ఆమెను వేదిక దింపి తీసుకెళ్ళారు. అరగంటకు పైగా నిలిపి ఉంచి, బ్యాడ్జీ లాగేసుకున్నారని తర్వాత ఆమే చెప్పింది. ఎంత మర్యాద! అదే సదస్సులో బొగ్గు, చమురు, గ్యాస్ పరిశ్రమల తరఫు పైరవీకారులు 2,456 మంది ఉన్నారని పర్యావరణ సంస్థల కూటమి ఒకటి లెక్కగట్టింది. వాళ్ళెవరూ వేదికెక్కి అట్టలు పట్టుకోలేదు. వాళ్ళకు ఆ అవసరమేముంది?

మన దేశంలో ఇంత నాటకం ఉండదు, వ్యవహారం సూటిగా సాగుతుంది. 2020లో కేంద్రం పర్యావరణ ప్రభావ అంచనా నిబంధనల ముసాయిదా విడుదల చేసి, ప్రజలు అభిప్రాయాలు చెప్పవచ్చంది. 'ఫ్రైడేస్ ఫర్ ఫ్యూచర్' అనే వాతావరణ ఉద్యమంలోని కుర్రకారు ఆ మాట నిజమనుకున్నారు. పర్యావరణ మంత్రికి ఈమెయిళ్ళు వెల్లువెత్తాయి. వాటికి జవాబు పర్యావరణ శాఖ నుంచి కాక ఢిల్లీ పోలీసుల నుంచి వచ్చింది. ఉగ్రవాదుల మీద ప్రయోగించే ఉపా చట్టాన్ని ఉటంకిస్తూ నోటీసిచ్చారు, ఆ కుర్రకారు వెబ్‌సైటు మూతపడింది. ఆ నోటీసు పొరపాటున వెళ్ళిందని తర్వాత సెలవిచ్చారు. అభిప్రాయం అడిగిందే పొరపాటని ఒప్పుకుంటే ఇంకా నిజాయితీగా ఉండేది.

అంతకుముందు ఉత్తరాఖండ్‌కు చెందిన తొమ్మిదేళ్ళ రిధిమా పాండే, వాతావరణ మార్పు మీద ప్రభుత్వం చర్య తీసుకోవడం లేదంటూ 2017లో జాతీయ హరిత ట్రిబ్యునల్ గడప తొక్కింది. పారిస్ ఒప్పందం ప్రభుత్వ విధానాల్లో ప్రతిఫలించడం లేదని అనుకోవడానికి కారణమేమీ లేదంటూ 2019లో ట్రిబ్యునల్ ఆ పిటిషన్‌ను కొట్టేసింది. ఒప్పందం మీద సంతకం పెట్టాం కాబట్టి అమలవుతూనే ఉండి ఉంటుంది!

పన్నీరు బుడ్డి అందుకోని పిల్లలూ ఉన్నారు. 2019లో పసిఫిక్ దీవుల్లో 27 మంది న్యాయశాస్త్ర విద్యార్థులు, వాతావరణం విషయంలో దేశాల బాధ్యతేమిటో అంతర్జాతీయ న్యాయస్థానాన్నే అడుగుదామన్నారు. వనువాటు ప్రభుత్వం వాళ్ళ బుగ్గ గిల్లకుండా వాళ్ళు చెప్పింది తలకెక్కించుకుని ఐక్యరాజ్యసమితికి తీసుకెళ్ళింది. 2025 జూలై 23న హేగ్‌లోని ఆ న్యాయస్థానం న్యాయమూర్తులు తేల్చి చెప్పారు: వాతావరణాన్ని కాపాడటం దేశాల చట్టబద్ధమైన విధి, తప్పితే నష్టపరిహారం కట్టాల్సి రావచ్చు. పెద్దలతో కలిసి పనిచేయడమంటే ఇదీ.

అదే ఏడాది మన హైదరాబాదులో ఏమైంది? కంచ గచ్చిబౌలిలో వేలానికి సిద్ధం చేసిన 400 ఎకరాల్లోకి సరిగ్గా ఉగాది పూట బుల్డోజర్లు దిగాయి. అడ్డుపడిన సెంట్రల్ యూనివర్సిటీ విద్యార్థులను పోలీసులు వ్యాన్లెక్కించారు. నాలుగు రోజులకు, ఏప్రిల్ 3న, సుప్రీంకోర్టు పనులు ఆపించి, చెట్లు కొట్టడానికి అంత తొందరేమొచ్చిందని నిలదీసింది. మరి యువత భాగస్వామ్యం గురించి సభల్లో ఉపన్యసించే పెద్దలకు, ఆ వ్యాన్లలో కూర్చున్నది యువతేనని తట్టలేదు కాబోలు.

మీ ఇంట్లో కాలేజీకి వెళ్ళే పిల్లలకు రేపు ఇలాంటి సభ నుంచి పిలుపొస్తే వద్దనకండి. సభలో చర్చించబోయే ముసాయిదా కాపీ వారం ముందే పంపమని, తాము చెప్పిన మాట అందులో ఏ పేజీలో చేరిందో సభ అయ్యాక రాసివ్వమని ముందుగా ఉత్తరం రాయించండి. దానికి జవాబొచ్చాకే రైలు టికెట్ కొనండి.