స్వార్థ నిఘంటువు

బ్రెగ్జిట్ అనగా బ్రెగ్జిటే. ఐరోపా సమాఖ్యనుండి బ్రిటను విడిపోవలెనని ఓటింగు తేల్చిన పిదప, 2016 జూలై 11, సోమవారమునాడు, బర్మింగ్‌హామ్ నగరమున థెరిసా మే గారు సెలవిచ్చిన ఈ వాక్యమును ఉదయము కాఫీతో ఒకమాఱు, మధ్యాహ్నము భోజనానంతరమున ఒకమాఱు, రాత్రి దీపమార్పిన పిదప మనస్సులోనే మఱొకమాఱు చదివికొని, దీనియందు నాకు తెలియని గూఢార్థమేమైన నున్నదేమో యని వెదకి వెదకి అలసి, తుదకు నేనొక నిశ్చయమునకు వచ్చితిని: ఇది రాజకీయవాక్యము గానేకాదు, నిఘంటు నిర్మాణశాస్త్రమున నేటివఱకు ఎవ్వరికిని తోపని మహావిష్కారము. ఇంతటి ఆవిష్కారము చేసినవారిని రెండు దినములు గడువకముందే ప్రధానమంత్రి పీఠమున కూర్చుండబెట్టుట ఆ దేశీయుల విద్యాభిమానమునకు నిదర్శనము.

సంస్కృత కోశకారుడైన అమరసింహుడు ఒక్కొక్క వస్తువునకు పది పేర్లు, ఇరువది పేర్లు కూర్చి, మన తాతలచేత అరుగులమీద వల్లె వేయించి, వారి బాల్యమును హరించినాడు. సూర్యరాయాంధ్ర నిఘంటువునకు పిఠాపురపు సంస్థానము ధనమును, పండితులు తమ కంటిచూపును ధారపోసిరి. ఈ ప్రయాస యంతయు దేనివలన? పదమొకటి, అర్థము మఱొకటి అను ప్రాచీనభ్రాంతి వలన. ఒక వస్తువునకు అనేక నామములు కలవని అమరసింహుడు చూపగా, ఒక నామమునకు వస్తువే అక్కఱలేదని మే గారు తేల్చినారు. ఏ పదమునకు ఆ పదమే అర్థమైనచో ఇక పండితులేల, సంస్థానములేల? ఈ నూతన కోశమునకు 'స్వార్థ నిఘంటువు' అని నేను నామకరణము చేయుచున్నాను. తన అర్థము తానే యగు పదముల కోశము గనుక ఆ పేరు సార్థకము. ఎవరికైన మఱియొక అర్థము స్ఫురించినచో ఆ దోషము సమాసముది గాని నాది గాదు.

మన తార్కికులు మాత్రము దీనిని ఒప్పుకొనరు. తన సిద్ధికి తననే ఆశ్రయించు మాటను వారు ఆత్మాశ్రయదోషమని త్రోసివేసిరి. ఎంత నేర్పరియైన నటుడును తన భుజముపై తానెక్కజాలడని ఎగతాళి చేసిరి. పాపము, వారు వెస్ట్‌మినిస్టరు పార్లమెంటు నటులను చూడలేదు.

ఈ పద్ధతి మన దేశమునకును వ్యాపించినచో లోకయాత్ర ఎంత సులభమగునో ఊహింపుడు. స్టేషనులో టిక్కెట్టు గుమాస్తాను "అయ్యా, ఈ బండి ఎక్కడికి పోవును?" అని అడిగినచో, "పోవుట యనగా పోవుటయే" అని కిటికీ మూసివేయును. మూడు దినములుగా మంచమున మూల్గుచున్న రోగి "డాక్టరుగారూ, ఇది మలేరియాయా, టైఫాయిడా?" అని దీనముగా అడిగినచో, ఆయన నాడి విడిచి, కండ్లద్దములు సవరించుకొని, "జ్వరమనగా జ్వరమే, దీనిని మనము విజయవంతము చేయుదము" అనును. విజయవంతము చేయుటను గూర్చిన మాటయు బర్మింగ్‌హామ్ ప్రసంగములోనిదే; నా కల్పనయని నన్ను మెచ్చుకొనవలదు.

స్వార్థ నిఘంటువున తొలి పుటలు ఇదివఱకే నిండినవి. 'వాగ్దానము' అను పదము చూడుడు. వారము వారము ఐరోపాకు పోవుచున్న 35 కోట్ల పౌండ్లను జాతీయ ఆరోగ్యసేవకు మళ్ళింతమని విడిపోవు పక్షమువారు ఒక ఎఱ్ఱబస్సుపై వ్రాయించి దేశమంతట త్రిప్పిరి. ఆ లెక్క తప్పుదారి పట్టించునదని గణాంకముల అధికారులు ఓటింగునకు ముందే చెప్పినను బస్సు ఆగలేదు. ఫలితము వెలువడిన జూన్ 24వ తేదీ ఉదయముననే, విడిపోవుటకే ప్రచారము చేసిన నైజెల్ ఫరాజ్ గారు టెలివిజనులో అది పొరపాటనియు, ఆ ప్రకటన తనది కాదనియు చెప్పి చేతులు కడిగికొనిరి. అమాయకుని జూచి ఎఱ్ఱబస్సు దిగి వచ్చినాడని మనవారు పరిహసింతురు. అచ్చట ఎఱ్ఱబస్సు దిగివచ్చినవారిలో అమాయకుడొక్కడును లేడు. అమాయకులందఱును రోడ్డుప్రక్కన నిలువబడి దానిమీది అక్షరములు చదివినవారే.

ఆ బస్సున ఊరేగిన వారిలో ముఖ్యుడు బోరిస్ జాన్సన్ గారు. 1755లో శామ్యూల్ జాన్సన్ అను పండితుడు ఆంగ్లభాషకు మహానిఘంటువును ప్రకటించెను. ఈ జాన్సన్ గారు ఊరూర పదమును పంచిపెట్టి, దానికి అర్థము చెప్పవలసిన ఘడియ సమీపింపగా జూన్ 30న ప్రధాని పదవికి పోటీయే చేయనని తప్పుకొని, మే గారు ప్రధాని యైన బుధవారముననే విదేశాంగమంత్రి యైనారు. ఒక జాన్సన్ కట్టిన మూటను మఱొక జాన్సన్ విప్పుటకు సరిగా 261 సంవత్సరములు పట్టినది. పదమునకు అర్థమప్పటికింకను దొరకలేదు గాని, దానికొక ప్రత్యేక మంత్రిత్వశాఖ దొరికినది. డేవిడ్ డేవిస్ గారు దానికి మంత్రి యైనారు. ఇక గుమాస్తాలు, బల్లలు, కుర్చీలు రావలసియుండినవి.

'విడిపోవుట' అను పదమునకు కార్న్‌వాల్ ప్రాంతమువారు చక్కని ప్రయోగము చూపిరి. అచ్చట నూటికి 56 మందికి పైగా విడిపోవుటకే ఓటు వేసిరి. ఫలితము వచ్చిన దినముననే వారి కౌన్సిలు, ఐరోపానుండి తమకు వచ్చుచుండిన నిధులలో దమ్మిడీ తగ్గకుండ హామీ కావలెనని ప్రకటించెను. వేఱు కాపురము పెట్టిన కొడుకు, పొయ్యి మాత్రమే వేఱు, బియ్యము వెనుకటి కొలతనే రావలెను, గాదె ఎవరిదైనను సరేయని కబురంపినట్లున్నది.

'ప్రజాభిప్రాయము' కూడ అట్టిదే. గెలిచిన పక్షమునకు నూటికి 60 ఓట్లు రాక, నూటికి 75 మంది ఓటు వేయకున్నచో మరల ఓటింగు జరుపవలెనని ఒక మహజరు బయలుదేరి 40 లక్షలకు పైగా సంతకములు కూడగట్టుకొన్నది. దానిని మే నెలలో మొదలుపెట్టినవాడు విడిపోవు పక్షమువాడు. ఓడిపోవుదుమను భయముతో అతడు త్రవ్విన గోతిలో నీరు పడగా, దాహముగొన్న ఓడినపక్షమువారు వచ్చి దానినే చేదుకొనిరి.

ఇక, ఫలితము వచ్చిన దినమున గూగులును ఆ దేశమువారు ఎక్కువగా అడిగిన ప్రశ్నలలో "ఐరోపా సమాఖ్య అనగా నేమి?" అనునదియు ఒకటని తెలిసి లోకమంతయు విరగబడి నవ్వినది. పత్రము మీద వ్రేలిముద్ర వేసిన పిదప అందులో ఏమున్నదని అడుగు రైతును జూచి కరణము నవ్వినట్లు నవ్వినది. నేనును నవ్వితిని.

ఆ నవ్వును ఇప్పుడు వెనుకకు తీసికొనుచున్నాను. అడిగినవారెందఱో, వారిలో ఓటు వేసినవారెందఱో ఆ సంస్థ చెప్పలేదు. అయినను ఆ వారమున అర్థము తెలియదని నిజాయతీగా ఒప్పుకొన్నవారు వారొక్కరే. తెలిసినవారు చెప్పలేదు, చెప్పవచ్చినవారిని, నిపుణుల మాటలతో జనము విసిగిపోయినారని విడిపోవు పక్షపు మైకేల్ గోవ్ గారు ముందే నోరు మూయించిరి. ఓటింగు పెట్టి ప్రశ్న వేసిన అప్పటి ప్రధాని కామెరాన్ గారు, మే గారి ప్రసంగమునాటి సోమవారమే తన నిష్క్రమణ దినమును ప్రకటించి, కూనిరాగము తీయుచు తలుపు వేసికొనిరి. ఫరాజ్ గారు తన జీవితము తనకు కావలెనని పార్టీ నాయకత్వము వదలుకొనిరి. ఎవరి స్వార్థము వారికి దొరికినది.

ఆలంకారికులు శబ్దమునకు అభిధ, లక్షణ, వ్యంజన యని మూడు శక్తులు చెప్పిరి. అభిధయే లేని పదమునకు ధ్వని యెక్కడిదని నేననుకొంటిని. అది నా తెలివితక్కువ. ఫలితము వచ్చిన దినముననే హంటింగ్డన్ పట్టణమున, వానకు తడవకుండ లామినేషన్ చేయించిన అట్టముక్కలు కనబడినవి. పోలెండువారిని పురుగులని పేర్కొని, ఇక మాకు వలదని వానిపై అచ్చువేసియున్నది, ఇంగ్లీషులో ఒకమాఱు, పోలిష్ భాషలో ఒకమాఱు. మంత్రులెవ్వరును వ్రాయలేని నిఘంటువును రెండు భాషలలో వ్రాసినవారు వీరు. అంతకు నాలుగు వారముల ముందు నాలుగు దినములలో 54గా నుండిన ద్వేషనేరముల ఫిర్యాదులు, ఓటింగునాటి నుండి ఆదివారము వఱకు, పోలీసుల ఒక్క వెబ్‌సైటునకే 85 వచ్చినవి. ధ్వని చేరవలసినవారికి చేరినది.

ఐరోపా దేశములనుండి వచ్చి అప్పుడచ్చట కాపురమున్నవారు సుమారు 30 లక్షల మంది. ఐరిష్, మాల్టా, సైప్రస్ వారికి తప్ప వీరికి ఆ ఓటింగున ఓటు లేదు. మమ్ము ఉండనిత్తురా అని వారడుగగా, అది సంప్రదింపులలో తేలవలసిన విషయమని జూలై 3న మే గారే చెప్పిరి. ఇండ్లు కట్టినవారిని, వృద్ధులకు పక్కగుడ్డలు మార్చినవారిని, అచ్చటనే పిల్లలను కన్నవారిని తక్కెడలో పడికట్టు రాళ్ళుగా పెట్టి బేరమాడుట సిగ్గుమాలిన పని. దీనికి వేఱొక అర్థము లేదు.

మన మాట ఒకటి యున్నది. కామన్‌వెల్తు పౌరులగుటచే అచ్చట నివసించు భారతీయులకు ఆ ఓటింగున ఓటు ఉండెను. పదేండ్లుగా పన్ను కట్టుచున్న పోలెండు వడ్రంగికి లేని ఓటు, అంతకు ముందటి యేడు గుంటూరునుండి పోయిన సాఫ్ట్‌వేరు కుఱ్ఱవానికి ఉండెను. ఐరోపావారి రాక తగ్గినచో దక్షిణాసియా వంటవారికి తలుపు తెఱచుకొనునని, కూర హోటళ్ళను రక్షింపుడని విడిపోవు పక్షపు ప్రీతి పటేల్ గారు ప్రచారము చేసిరి. ఆ మాట నమ్మి మనవారెవరు ఎటు వేసిరో నేనడుగను. ఆ అట్టముక్కను మాత్రము ఒకమాఱు త్రిప్పి చూడుడందును. చిన్నదే, రెండు భాషలకు సరిపోయినది. అక్షరములు కొంచెము సన్నగా వేసినచో మూడవ భాషకును చోటు చాలును.