ట్యాబ్ లోపలి పెద్దాఫీసుకు కోడూరు నుంచి బహిరంగ లేఖ

మహారాజశ్రీ సెట్టింగ్స్ అధికారి గారి సముఖమునకు,
కృష్ణా జిల్లా కోడూరు కాపురస్తుడొకడు రాసుకున్న విన్నపం.

విషయం: మా అమ్మగారి ట్యాబ్ తెరను తెలుగులోకి మార్పించుట గురించి.

అయ్యా,

ముందుగా తమరి చిరునామా సంగతి. పళ్ల చక్రం బొమ్మ ఉన్న గుమ్మం దాకా ఎవరైనా వస్తారు. లోపల అడుగుపెట్టాకే తంటా. కొన్ని ట్యాబుల్లో భాష దస్త్రం ‘సిస్టమ్’ శాఖలో ఉంటుంది, మరికొన్నింటిలో ‘జనరల్ మేనేజ్‌మెంట్’ కింద ఉంటుంది. ఐప్యాడ్ అయితే ఉత్త ‘జనరల్’ అని బోర్డు. వైఫైకి, బ్లూటూత్‌కి, గోడకు అతికించే బొమ్మలకు వాకిట్లోనే కుర్చీలు వేశారు. భాషను మాత్రం వెనక గదిలో, గడియారం సరిచేసే గుమాస్తాకీ, ట్యాబ్‌లో ఉన్నదంతా తుడిచిపెట్టే గుమాస్తాకీ మధ్య కూర్చోబెట్టారు. ఇంగ్లీషు చదవలేని మనిషి ఆ గదిలోకి వెళ్లి పొరపాటున పక్క బల్ల తడితే ఏమవుతుందో తమరే ఆలోచించాలి.

అర్జీదారు నేనైనా అవసరం మా అమ్మది. ఐదో తరగతితో ఆగిన చదువే గానీ, పేపరు వస్తే జిల్లా వార్తల నుంచి రొయ్యల ధర దాకా ఒక్క ముక్క వదలదు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన చూసిన మనిషి. సముద్రం వైపు మబ్బు కమ్మిందంటే చాలు, ట్యాబ్‌లో వాతావరణం తీస్తుంది. తీసి, “ఒరేయ్ అబ్బాయ్, ఇందులో ఏం రాశాడో చూసి చెప్పు” అని కేకేస్తుంది. బొమ్మలో చినుకులు కనబడుతూనే ఉంటాయి. అవి నారుమడి తడిపే చినుకులో, పాలకాయతిప్ప దగ్గర పడవలు ఒడ్డెక్కించాల్సిన చినుకులో కింద ఇంగ్లీషులో ఉంటుంది. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు డెల్టాలో కోసి పరిచిన పనలు నీళ్లపాలయ్యాయి. అలాంటి రోజున చదివి చెప్పే కొడుకు ఇంట్లో ఉన్నాడా లేడా అని తుపాను వాకబు చేసి రాదు కదా.

సరే, ఎలాగో దారి కనుక్కుని భాషల జాబితా తెరిచాను. ప్రతి భాష పేరూ దాని లిపిలోనే రాసి ఉంది. ఈ ఏర్పాటు చేసిందెవరో గానీ వారికి రెండు చేతులా దండం. వరుసే బాలేదు. ఆఫ్రికాన్స్‌తో మొదలుపెట్టి రోమన్ లిపి భాషలన్నీ అవ్వాలి. తర్వాత గ్రీకు, రష్యన్, ఆ వెనక హీబ్రూ, అరబిక్. అప్పటికి గానీ మన దేశం పొలిమేర తగలదు. హిందీ, బెంగాలీ, గుజరాతీ, ఒడియా, తమిళం దాటితే తెలుగు. అంత దూరం తోసుకుంటూ వచ్చి, కళ్ల ముందు ‘తెలుగు’ కనబడగానే ఆనందంగా నొక్కితే, తమరు ఆఖరిగా ఒక ప్రశ్న వేస్తారు: దీన్నే అసలు భాషగా పెట్టమంటావా, ఇప్పుడున్నదే ఉంచమంటావా?

ఆ ప్రశ్న ఇంగ్లీషులో అడుగుతారు!

ఇంగ్లీషు రాక దరఖాస్తు పెట్టుకున్న మనిషికి ఇంగ్లీషులో మౌఖిక పరీక్ష అన్నమాట. ‘కీప్ కరెంట్’ అనే రెండో బొత్తం నొక్కితే తెలుగు జాబితాలో ఒక మూల చేరి ఊరుకుంటుంది, తెర మాత్రం మారదు. నొక్కినవాళ్లు “మన ట్యాబ్‌లో తెలుగు రాదంట” అని నలుగురికీ చెప్పి ఊరుకుంటారు. రాకేం, వచ్చింది. గుమ్మంలోనే నిలబెట్టారు.

అసలు తమరు అడగనే అడగరని నేననను. ఒక్కసారి మర్యాదగానే అడుగుతారు. పెట్టె విప్పి ట్యాబ్‌ను తొలిసారి వెలిగించినప్పుడు మొట్టమొదట అడిగేది భాషే. కాకపోతే ఆ ఘడియలో ట్యాబ్ దుకాణం కుర్రాడి చేతిలో ఉంటుంది. వెనక మరో ముగ్గురు గాజు పలక అతికించమని నిలబడి ఉంటారు. ఛార్జింగ్ ఎక్కుతోందా, స్పీకరు మోగుతోందా అని చూస్తూ అతను నెక్స్ట్, నెక్స్ట్ అని నొక్కేసుకుపోతాడు. డబ్బు కట్టిన మనిషి బల్లకు ఇవతల కూర్చుని బిల్లు కోసం చూస్తుంటుంది. ఆమె ఏ భాషలో చదువుకోవాలో అక్కడ తేలిపోయింది. ఆమెను ఎవరూ అడగలేదు. నా ఫిర్యాదు మొత్తం ఇక్కడే ఉందండీ, మిగతావన్నీ దీని పిలకలు.

అవనిగడ్డ వెళ్లి ఏటీఎం ముందు నిలబడండి. కార్డు పెట్టగానే ఏ భాష అని అడుగుతుంది. నిన్న అడిగాం కదా అని ఇవాళ మానదు. గ్యాస్ బండ బుక్ చేయడానికి ఫోన్ చేసినా ముందు తెలుగుకు ఏ అంకె నొక్కాలో చెబుతారు. అయిదు వందలు తీసుకోవడానికి వచ్చినవాడికి దక్కే ఆ పలకరింపు, వేలు పోసి ట్యాబ్ కొన్న మా అమ్మకు ఎందుకు దక్కకూడదు?

ఇది మా ఒక్కింటి గోల అనుకునేరు. 2022 డిసెంబరు 21న బాపట్ల జిల్లా యడ్లపల్లిలో మొదలుపెట్టి రాష్ట్ర ప్రభుత్వం 8వ తరగతి పిల్లలకూ టీచర్లకూ 5 లక్షలకు పైగా ట్యాబులు పంచింది. మరుసటి ఏడాది అదే తేదీన చింతపల్లిలో రెండో విడత. పాఠాలు తప్ప వేరే వ్యాపకం పెట్టుకోకుండా వాటికి తాళాలు వేశారు, మంచిదే. బడుల్లో ఇంగ్లీషు మీడియం తగవు జోలికి నేను పోను. అది 2019లో జీవోగా పుట్టి, 2020 ఏప్రిల్‌లో హైకోర్టులో దెబ్బతిని, ఇంకా రచ్చబండల మీద నలుగుతూనే ఉంది. నేను చెప్పేది ఇంతే: బడిలో ఆ ట్యాబ్ పిల్లదే అయినా, చీకటి పడ్డాక పక్కన కూర్చున్న తల్లి కూడా దాంట్లోకి తొంగిచూస్తుంది. ఈ రాష్ట్రంలోనే 2020లో పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు వేయడం మొదలుపెట్టారు. పిల్ల ఇటు చదువుతుంటే తల్లి అటు చదువుకోవచ్చు. కాగితానికి చేతనైన పని గాజుకు చేతకాదంటే నమ్మేదెలా?

తెలుగు తమరి కొలువుకు నిన్న మొన్న వచ్చిన భాషా కాదు. 1991లో తొలి యూనికోడ్‌లోనే తమిళానికీ కన్నడానికీ నడుమ 128 గదుల వీధి రాసిచ్చారు. గూగుల్ వారి ఆండ్రాయిడ్ 2014లో లాలీపాప్ పేరుతో వచ్చినప్పుడు తెర మీద తెలుగు మాటలూ చేరాయి. బలం సంగతికొస్తే, 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అక్షరం కంటికి కనబడని మరో గుర్తును వెంటబెట్టుకుని వెళ్లి ఐఫోన్లను మూర్ఛపోగొట్టింది. అదే నెలలో ఆపిల్ వారు పరుగున మందు వేశారు. ఒక్క అక్షరానికే అంత హడలిపోతే యాభయ్యారూ కట్టగట్టుకుని వస్తే ఏమయ్యేవారో!

అక్షరాలకు అందం కావాలంటే మా నియోజకవర్గం నుంచే పంపిస్తాం. మా అవనిగడ్డ నాయకుడు మండలి వెంకట కృష్ణారావు గారు విద్యామంత్రిగా 1975లో హైదరాబాదులో తొలి ప్రపంచ తెలుగు మహాసభలు నడిపించారు. ఆయన పేరిట ‘మండలి’ అనే ఫాంటు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతుంది. ఇంకా పై స్థాయి సిఫారసు కావాలా? ఘంటసాల మండలం శ్రీకాకుళంలో ఆంధ్ర మహావిష్ణువు గుడి ఉంది. ఆ స్వామే కలలో కనబడి రాయలవారిని తెలుగులో కావ్యం రాయమన్నాడని ఆముక్తమాల్యద చెబుతుంది. చక్రవర్తి అంతటివాడు మారుమాట లేకుండా మాట విన్నాడు. కీప్ కరెంట్ అని అడగలేదు.

ఇంతా రాసి దాచడమెందుకు, నా సొంత ఫోన్ ఇంగ్లీషులోనే ఉంటుంది. అలవాటు అలా పడింది. రిపేరుకిస్తే కుర్రాళ్లు తెలుగు తెర చూసి ముందు ఇంగ్లీషులోకి తిప్పుకుని గానీ పని మొదలుపెట్టరు. అందరినీ తెలుగులోకి తోసేయమని నేను కోరను. మొత్తం తెరను కదపకుండా ఒక్కో యాప్‌కు ఒక్కో భాష పెట్టుకునే వీలు 2022లో ఆండ్రాయిడ్ 13తో వచ్చింది. యాప్ చేసినవాళ్లు తెలుగు సిద్ధం చేసి ఉంటే వాతావరణం తెలుగులో, తక్కినవి ఇంగ్లీషులో పెట్టుకోవచ్చు. మా ఇంటికి అతికినట్టు సరిపోయే ఏర్పాటు. దాన్ని ఇంకా లోపలి గదిలో పెట్టారు.

తిరుగుదారి మాటా చెప్పాలి. మొన్న పక్కింటి బుడ్డోడు ఆడుకుంటూ అరబిక్ నొక్కాడు. తెర మొత్తం కుడి నుంచి ఎడమకు తిరగబడింది. వెనక్కి పోయే బాణం అవతలి ఒడ్డుకు చేరింది. పళ్ల చక్రం మాత్రం ఏ భాషలోనైనా పళ్ల చక్రమే కాబట్టి దాన్ని పట్టుకుని బయటపడ్డాం. ఆ చక్రం లాంటి గుర్తే భాషకు కూడా ఒకటి ఇప్పించండి. తాళం వేసిన తెర మీదే, గడియారం కింద, ఏ భాష పేరు ఆ లిపిలో కనబడేలా పెట్టించండి. నొక్కగానే మారాలి. మారాక “ఇలాగే ఉంచమంటారా” అని మారిన భాషలోనే అడగాలి. జవాబు రాకపోతే పాత భాషకు తిరిగి వెళ్లిపోవాలి. ట్యాబ్ చేతులు మారినప్పుడల్లా, అంటే కొత్త ఖాతా తెరిచినప్పుడల్లా, మళ్లీ మొదటి నుంచి అడగాలి.

ఈలోగా మా అమ్మ ట్యాబ్‌ను తెలుగులోకి మార్చే ఉంచాను. ఇప్పుడు “ఇందులో ఏం రాశాడ్రా” అనడం మానేసి, “వీడు ఉరుములంటున్నాడు, ఆకాశం చూస్తే తేటగా ఉంది, వీడికేం తెలుసు” అని వాతావరణ శాఖతో తగవు పెట్టుకుంటోంది. ఆ తగవు తీర్చే పూచీ తమరి మీద పెట్టబోను.

ఇట్లు,
తమ విధేయుడు,
కోడూరు, దివిసీమ.

తా.క.: తెర తెలుగులోకి మారినా కీబోర్డు ఇంగ్లీషులోనే మిగిలింది. అది వేరే శాఖ అట. వారికి రాయాల్సిన అర్జీ వేరే ఉంది, అది ఇంతకన్నా పొడవు.