పదుల కట్ట

నేను పదుల కట్టను. పది కొబ్బరి ఈనెలు, నడుముకో రబ్బరు బ్యాండు, అంతే నా ఒళ్లు. శృంగవరపుకోటలో ఒక ప్రాథమిక పాఠశాల, నాలుగో తరగతి గదిలో ఉంటాను. నాలాంటివి పదింటిని పురికొసతో బిగిస్తే వందల మోపు. విడి ఈనెలు ఒకట్లు. బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని మోసుకొచ్చే కొత్తవలస–కిరండూల్ లైను ఈ ఊరి మీదుగానే పోతుంది. గూడ్సు వస్తే పిల్లలు వ్యాగన్లు లెక్కపెడుతూ, పది అవగానే ఒక వేలు ముడుస్తారు. ఆ ముడిచిన వేలే నేను.

పదకొండో శతాబ్దిలోనే పావులూరి మల్లన మహావీరాచార్యుల గణితసారసంగ్రహాన్ని తెనిగించాడు. భాగహారం మనకు కొత్తది కాదు. చేత్తో పట్టుకుని నేర్చుకోవడం మాత్రం ఊరి బళ్లకు నెమ్మదిగా వచ్చింది. 1987లో ఆపరేషన్ బ్లాక్‌బోర్డు, ఆ తర్వాత జిల్లా ప్రాథమిక విద్యా కార్యక్రమం (డీపీఈపీ) అనే ప్రభుత్వ పథకాలు ఆ దారి వేశాయి. బోధన సామగ్రి కిట్టు లేని బడిలోనూ ఈనెలు దొరుకుతాయి.

ఒకరోజు మేస్టారు 312ని 3తో భాగించమన్నారు. ఒక పాప గబగబా చేసేసింది. మూడొకట్ల మూడు. ఒకటి దింపితే పోదు. రెండు కూడా దింపితే పన్నెండు, మూడు నాలుగుల పన్నెండు.

"పధ్నాలుగు మేస్టారూ!"

ఆయన పలక తుడవలేదు. "ముగ్గురికీ పంచమ్మా, చూద్దాం" అన్నారు.

తలా ఒక మోపు ఇచ్చింది. అప్పటికే ఒక్కొక్కరి చేతిలో వంద! పాప తన పలక వంక చూసుకుంది. పదుల్లో మిగిలింది నేనొక్కణ్ణే. ముగ్గురికి ఒక్క కట్ట చాలదు.

"పదుల గడిలో ఏటి రాస్తావు?"

"ఏటీ రాలేదు మేస్టారూ."

"ఏటీ రాలేదనీ రాయాలి కదమ్మా. సున్నా పెట్టు."

పాప నా బ్యాండు తీసింది. నా పదీ, విడిగా ఉన్న రెండూ పన్నెండు. తలా నాలుగు. పలక మీద 104 పడింది.

"పక్క అంకె దింపు" అని మాత్రమే నేర్పితే నాకు బాధగా ఉంటుంది. అక్కడ జరిగేది నన్ను విప్పి ఒకట్లలో కలపడం. కూడిక, తీసివేత కుడి నుంచి మొదలుపెట్టిన పిల్లలకు భాగహారం మాత్రం ఎడమ నుంచి ఎందుకో కూడా అప్పుడే తెలుస్తుంది. పెద్ద మోపులు ముందు పంచుకుంటే, మిగిలినవాటినే విప్పుకోవాలి. ఒకట్ల నుంచి మొదలుపెడితే, పైనుంచి విప్పినవి వచ్చిన ప్రతిసారీ మళ్లీ పంచుకోవాల్సిందే.

తర్వాత 410ని నలుగురికి పంచారు. తలా 102. రెండు ఈనెలు మిగిలాయి.

"విరిచీమంటారా మేస్టారూ?"

"విరిస్తే ఒక్కోటి ఎన్ని ముక్కలు చేస్తావు?"

పాప నా బ్యాండు వైపు చూసింది. "పదేసి. అప్పుడు ఇరవై ముక్కలు, నలుగురికీ అయిదేసి."

మేస్టారు బల్ల మీది స్కేలు తీసి పాప చేతికిచ్చారు.