ముల్లు లేచిన చోటల్లా

ఇది ఒక అల్ట్రాసోనిక్ ఇంటర్‌ఫెరోమీటరు ఆత్మకథ. అయినా ఇందులో ‘నేను’ ఉండదు. ల్యాబ్ రికార్డుల మధ్య బతికినదానికి ఆ అలవాటు ఎలా వస్తుంది?

దీని ఒళ్లు రెండు గోడల లోహపు గిన్నె. గోడల నడుమ ఉష్ణోగ్రత మారని నీరు తిరుగుతుంటుంది. అడుగున క్వార్ట్జ్ బిళ్ల. నొక్కితే ఇలాంటి స్ఫటికాల్లో విద్యుత్తు పుడుతుందని 1880లో క్యూరీ సోదరులు చూపారు. దీని పని అందుకు తిరగేత: విద్యుత్తు తగిలితే బిళ్ల సెకనుకు 20 లక్షల సార్లు కంపిస్తుంది. 1925లో హార్వర్డులో భౌతిక శాస్త్రవేత్త పియర్స్ ఇలాంటి బిళ్లతో వాయువుల్లో ధ్వని వేగం కొలిచాడు. ద్రవాల వంతు ఆ తర్వాత వచ్చింది.

గిన్నెలో ద్రవం పోసి, మైక్రోమీటర్ మర తిప్పుతూ పైనున్న పలకను మెల్లగా జరుపుతారు. బిళ్ల పంపిన అలా, పలకను తాకి తిరిగొచ్చిన అలా పొసగిన చోటల్లా మీటరు ముల్లు లేస్తుంది. ముల్లు వరుసగా లేచిన రెండు చోట్ల మధ్య దూరం అర తరంగదైర్ఘ్యం. 25 డిగ్రీల నీటిలో అది 0.37 మిల్లీమీటర్లు, లెక్క కడితే వేగం సెకనుకు దాదాపు 1,497 మీటర్లు. మరను మధ్యలో వెనక్కి తిప్పారో, మళ్లీ మొదటికే.

నీటిలో ఇథనాల్ కలిపే రోజంటే దీనికి మహా సరదా. ఇథనాల్‌లో ధ్వని నెమ్మది, సుమారు 1,144 మీటర్లు. అది కలిస్తే నీటిలో వేగం తగ్గాలి కదా? పెరుగుతుంది! కొంత దూరం పెరిగాకే దిగుముఖం పడుతుంది. 50 మిల్లీలీటర్ల నీరు, 50 మిల్లీలీటర్ల ఇథనాల్ కలిపితే 100 రాదు, 97కు అటూ ఇటూగా ఆగుతుంది. అణువులు హైడ్రోజన్ బంధాలతో దగ్గరై, సందుల్లో సర్దుకుని, నొక్కుడుకు లొంగకుండా పోతాయి. ఆ లొంగుబాటే సంపీడ్యత: సాంద్రతను వేగపు వర్గంతో గుణించి, ఆ లబ్ధంతో ఒకటిని భాగిస్తే వస్తుంది.

వాల్తేరులో భౌతిక శాస్త్రవేత్త సూరి భగవంతం అతిధ్వనుల (అల్ట్రాసోనిక్స్) మీద పనిచేసిన కాలం నుంచి తెలుగునాట ఈ విద్యకు చోటుంది.

అణువులను మాత్రం ఈ పరికరం ఎన్నడూ చూడలేదు. దీనికి తెలిసింది దూరం ఒక్కటే. గ్రాఫు కాస్త వంగగానే ‘బలమైన బంధం’ అని రాసేసేవారంటే అందుకే చిరాకు. ఒక్క డిగ్రీ జారినా నీటిలో వేగం రెండున్నర మీటర్లకు పైగా మారుతుంది. సాంద్రత కొలిచే సీసా తడిగా ఉన్నా లెక్క చెడుతుంది.

అసిటోన్, క్లోరోఫాం జంటతో ఆ పేచీ లేదు. కలపగానే వేడెక్కుతాయి. 56, 61 డిగ్రీల దగ్గర విడివిడిగా మరిగేవి, ఒక పాళ్లలో కలిస్తే 64 దాటాకే మరుగుతాయి. సంపీడ్యత కూడా లెక్కకు రావలసినదానికంటే తగ్గుతుంది. థర్మామీటరు సాక్ష్యం, ముల్లు సాక్ష్యం ఒక్కటైతే అప్పుడు రాయండి, బంధం ఉందని.